అదే పొడి డబ్బాలో ఒక రంగు, క్రీమ్‌లో ఇంకో రంగు: లూజ్ పౌడర్, క్రీమ్ ఫౌండేషన్ ఫార్ములా సందేహాలు

పౌడర్‌పఫ్ అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. ఉండేది కాకినాడ. ఇంట్లో వాడకానికి మాత్రమే లూజ్ పౌడర్ కలుపుతున్నాను, అమ్మకానికి కాదు. 100 గ్రాములకు నా లెక్క ఇది: టాల్క్ 60, వంటింటి కార్న్‌ఫ్లోర్ 25, జింక్ ఆక్సైడ్ 10, ఐరన్ ఆక్సైడ్‌లు 5 (పసుపు 3, ఎరుపు 1.5, నలుపు 0.5). అన్నీ ఒకేసారి మిక్సీ చిన్న జార్‌లో వేసి తిప్పి, టీ జల్లెడతో జల్లిస్తున్నాను.

రాసిన వెంటనే బాగానే ఉంటుంది. రెండు మూడు గంటలకు ముక్కు పక్కన, పై పెదవి మీద అట్టలు కడుతోంది. మధ్యాహ్నానికి షేడ్ కూడా ముదురుతోంది. అందరూ "ఆక్సిడైజ్ అయింది" అంటున్నారు. అది నిజమేనా?

రెండోది. అదే పొడి 50 గ్రాములు తీసుకుని కొబ్బరి నూనె 40, తేనెమైనం 10 కలిపి క్రీమ్ చేస్తే రంగు రెండు షేడ్లు ముదిరింది. పొడిగా ఉన్నప్పుడున్న కవరేజ్ (చర్మం మీది మచ్చల్ని కప్పే గుణం) సగం కూడా లేదు. వేలితో రాస్తే అక్కడక్కడా ఎర్ర చారలు. ఎండ ముదిరితే పైన నూనె బొట్లు తేలుతున్నాయి, గిన్నె అడుగున రంగు పేరుకుంటోంది.

కేయోలిన్ (తెల్లటి చీనా మట్టి) బదులు ముల్తానీ మట్టి వాడొచ్చా? కార్న్‌ఫ్లోర్ తీసేసి బియ్యప్పిండి వేస్తే మేలా? గుండ్రటి సిలికా అంత ఖరీదు పెట్టి కొనాలా? తెలిసినవారు కాస్త కారణాలతో చెప్పండి. ఫార్ములా ఒక్కటే ఇస్తే మళ్లీ ఇంకో చోట తప్పుతుంది.

---

జల్లెడ

పౌడర్‌పఫ్ గారూ, మీరడిగినవాటిలో సగానికి పైగా ఒకే కారణం ఉంది. పొడి రేణువు చుట్టూ ఏముందన్నదే అసలు విషయం. లూజ్ పౌడర్‌లో ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది. క్రీమ్‌లో నూనె ఉంటుంది. రేణువు మారలేదు, దాని చుట్టూ ఉన్నది మారింది. దాంతో రంగు, కవరేజ్, జారుడు అన్నీ మారిపోతాయి.

కాస్త అంకెల్లో చూద్దాం. వెలుతురు ఒక పదార్థంలోంచి ఇంకోదాంట్లోకి వెళ్లేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పేది వక్రీభవన గుణకం. గాలికి 1. మనం వాడే నూనెలకు 1.45 నుంచి 1.48. టాల్క్, మైకా (అభ్రకం), కేయోలిన్ మూడూ 1.56–1.59 దగ్గర ఉంటాయి. సిలికా 1.46. జింక్ ఆక్సైడ్ దాదాపు 2. టైటానియం డయాక్సైడ్ (రూటైల్ రకం) 2.7. రేణువుకీ చుట్టూ ఉన్నదానికీ తేడా ఎంత ఎక్కువుంటే వెలుతురు అంతగా చెదిరి, అంత తెల్లగా కనబడుతుంది. టాల్క్‌కీ గాలికీ తేడా 0.57, అందుకే డబ్బాలో తెల్లగా ఉంది. టాల్క్‌కీ నూనెకీ తేడా 0.1, అందుకే క్రీమ్‌లో అది మాయమైపోయింది. మీ పొడిలో 85 శాతం టాల్క్, కార్న్‌ఫ్లోరే. స్టార్చ్‌ది కూడా 1.53 దగ్గరే. అంటే క్రీమ్‌లోకి వెళ్లాక కప్పే పని చేస్తున్నది ఒక్క జింక్, ఐరన్ ఆక్సైడ్‌లే. తెలుపు పోయింది, రంగు మిగిలింది. షేడ్ ముదిరినట్టు కనబడటం అందుకే.

నమ్మకం కుదరకపోతే నల్ల ప్లేటు మీద చిటికెడు టాల్క్, పక్కనే చిటికెడు టైటానియం డయాక్సైడ్ పెట్టి రెండింటి మీదా ఒక్కో బొట్టు నూనె వేసి వేలితో కలపండి. టాల్క్ బూడిదరంగు మరకలా అయిపోతుంది. టైటానియం తెల్లగానే ఉంటుంది.

మధ్యాహ్నం ముదరడమూ ఇదే. ముఖం మీద జిడ్డు ఊరుతున్నకొద్దీ రేణువుల మధ్య గాలి పోయి ఆ జాగాలోకి జిడ్డు చేరుతుంది. అంటే మీ లూజ్ పౌడర్ ముఖం మీదే మెల్లగా క్రీమ్‌గా మారుతోంది. ఐరన్ ఆక్సైడ్‌లు ఇంకా ఆక్సీకరణ చెందడానికి అందులో పెద్దగా ఏమీ మిగల్లేదు. ఎరుపు, పసుపు రెండూ ఇప్పటికే పూర్తిగా తుప్పుపట్టిన రూపమే. కాబట్టి "ఆక్సిడైజ్" అన్న మాట ఇక్కడ వర్తించదు. షేడ్ ఎంచుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి: చిటికెడు పొడిలో చుక్క నూనె కలిపి చూడండి. మధ్యాహ్నం ముఖం మీద ఉండబోయే రంగు దాదాపు అదే. ఆ తడి రంగు మీ చర్మానికి కలిసేలా కలుపుకోవాలి. పొడి రంగు దానికంటే కాస్త లేతగా ఉన్నా పరవాలేదు.

ఇక అట్టలు కట్టడం. 25 శాతం కార్న్‌ఫ్లోర్ కాకినాడ ఉక్కపోతకి చాలా ఎక్కువ. స్టార్చ్ చెమటను పీల్చి ఉబ్బుతుంది, తడిసిన రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. పైగా వంటింటి కార్న్‌ఫ్లోర్‌లో ముందే 12 శాతం దాకా తేమ ఉంటుంది. ఇంకో లోపం, మీ ఫార్ములాలో చర్మానికి పట్టుకునే పదార్థం లేదు. టాల్క్ పొరలు ఒకదానిమీద ఒకటి సులువుగా జారతాయి, మెత్తదనం అక్కడినుంచే వస్తుంది. కానీ జారేది నిలవదు. చెమట పట్టగానే కదిలి మడతల్లో చేరుతుంది. పట్టు కోసం మెగ్నీషియం స్టియరేట్ (జింక్ స్టియరేట్ అయినా సరే) వేయాలి. అది చర్మానికి అంటుకుంటుంది, నీటిని తోసేస్తుంది. 3 నుంచి 7 శాతం చాలు. 10 దాటితే మైనం రాసినట్టు జిగురుగా, అక్కడక్కడా ముద్దగా వస్తుంది.

జిడ్డు చర్మం, తీరప్రాంతపు తేమ అనుకుని 100 గ్రాములకు ఇలా మొదలుపెట్టండి:

టాల్క్ 45
సెరిసైట్ మైకా 20
కేయోలిన్ 8
గుండ్రటి సిలికా 6
జింక్ ఆక్సైడ్ 5
మెగ్నీషియం స్టియరేట్ 5
రైస్ స్టార్చ్ 4
ఐరన్ ఆక్సైడ్‌లు 5 (పసుపు 3.1, ఎరుపు 1.4, నలుపు 0.5)
జొజోబా నూనె 1.5
ఫినాక్సీఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ 0.5

జింక్ 10 నుంచి 5కి ఎందుకు తగ్గించానంటే, చామనఛాయకూ అంతకంటే ముదురు రంగుకూ తెల్ల పొడులు ఎక్కువైతే ముఖం బూడిద పూసినట్టు వస్తుంది. కవరేజ్ కావాలంటే తెలుపు పెంచకండి, ఐరన్ ఆక్సైడ్‌ల మొత్తం పెంచండి. అవీ కప్పుతాయి.

బియ్యప్పిండీ రైస్ స్టార్చూ ఒకటి కావు. రైస్ స్టార్చ్ రేణువు 3 నుంచి 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మొక్కజొన్న స్టార్చ్ రేణువు కంటే చిన్నది, అందుకే మెత్తగా ఉంటుంది. మరలో పట్టించిన బియ్యప్పిండిలో ప్రోటీన్ ఉంటుంది, పలుకు దాని కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఎంత జల్లించినా ముఖం మీద గరుకు తెలుస్తుంది, తేమ తగిలితే పురుగూ బూజూ పడతాయి. ముల్తానీ మట్టి వద్దు. అది నీటికి ఉబ్బే జాతి మట్టి, చెమటకు ఉబ్బి ఆరాక పగుళ్లిస్తుంది. ఒక ప్యాకెట్ రంగు ఇంకో ప్యాకెట్‌కి రాదు, సూక్ష్మజీవులు ఎన్నున్నాయో కూడా లెక్క ఉండదు. కడిగేసే ప్యాక్‌కి సరే, రోజంతా ఉంచుకునే పౌడర్‌కి కాదు. కేయోలిన్ ఉబ్బదు, నూనెనూ తేమనూ రెండింటినీ పీలుస్తుంది. కానీ 15 శాతం దాటితే రాసేటప్పుడు పట్టిపట్టి లాగుతుంది.

కలిపే వరస చాలా ముఖ్యం, సగం తప్పులు అక్కడే జరుగుతాయి. ఐరన్ ఆక్సైడ్ రేణువు చాలా చిన్నది, గుంపులు గుంపులుగా అంటుకుని ఉంటుంది. అన్నీ ఒకేసారి వేస్తే టాల్క్ మెత్తదనంలో ఆ గుంపులు విరగకుండా జారిపోతాయి. ముందు మూడు రంగుల్నీ కేయోలిన్ 8 గ్రాములు, టాల్క్ 5 గ్రాములతో మాత్రమే వేసి 10–15 సెకన్ల చొప్పున ఆపి ఆపి ఏడెనిమిది సార్లు తిప్పండి. మధ్యలో అంచులకు అంటినది గీకండి. తెల్ల కాగితం మీద చిటికెడు వేసి వేలితో గట్టిగా రుద్దండి. ఎర్ర గీత గానీ పసుపు గీత గానీ కనబడితే ఇంకా విరగలేదని అర్థం. గీతలు ఆగాకే జింక్, స్టియరేట్, తర్వాత మిగతా టాల్క్, స్టార్చ్. జొజోబా, ప్రిజర్వేటివ్ నేరుగా పోస్తే ఉండలు కడతాయి. ఈ పొడిలోంచే 10 గ్రాములు కల్వంలోకి తీసి, దాంట్లో నూనె నూరి, అది మళ్లీ జార్‌లో వేయండి. మైకా, సిలికా చివర్లో, మిక్సీలో కాకుండా సంచిలో వేసి ఊపుతూ కలపండి. మైకా రేకులు విరిగితే మెరుపు పోతుంది, సిలికా గోళాలు విరిగితే గరుకు వస్తుంది. ఆఖర్న 100 మెష్ జల్లెడ (అంగుళం పొడవుకు వంద రంధ్రాలుండేది). టీ జల్లెడ చాలదు.

మూత తీసే ముందు ఐదు పది నిమిషాలు ఆగండి. ఎన్95 మాస్క్ లేకుండా ఈ పని చేయొద్దు, ఫ్యాన్ కింద అసలే వద్దు. చిన్నపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. స్టియరేట్ పొడులు, టాల్క్ వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఆ జార్ మళ్లీ వంటకు వాడకూడదు.

---

తైలవర్ణం

జల్లెడ గారు చెప్పినదానికి కొనసాగింపుగా క్రీమ్ సంగతి.

లూజ్ పౌడర్‌ని నూనెలో కలిపితే క్రీమ్ కాదు. పొడి భాగాన్ని క్రీమ్ కోసం మొదటినుంచీ వేరుగా లెక్కేయాలి. పొడి మేకప్‌లో జారుడు టాల్క్ ఇస్తుంది, పట్టు స్టియరేట్ ఇస్తుంది. క్రీమ్‌లో జారుడు నూనె ఇస్తుంది, పట్టు మైనం ఇస్తుంది. కాబట్టి స్టియరేట్ ఇక్కడ అక్కర్లేదు, టాల్క్‌కు పని తక్కువ. మరి పొడి ఎందుకంటారా? నూనెను పట్టి ఉంచడానికి, రాశాక జిడ్డు మెరుపు చంపడానికి, కప్పడానికి. కప్పే పని నూనెలోనూ కనబడేదానికే ఇవ్వాలి, అంటే టైటానియం డయాక్సైడ్‌కి, ఐరన్ ఆక్సైడ్‌లకి.

నీళ్లు లేని క్రీమ్, 100 గ్రాములకు:

టైటానియం డయాక్సైడ్ 8
ఐరన్ ఆక్సైడ్‌లు 6 (పసుపు 3.8, ఎరుపు 1.6, నలుపు 0.6)
సెరిసైట్ మైకా 10
టాల్క్ 6
గుండ్రటి సిలికా 4
బోరాన్ నైట్రైడ్ (జారుడునిచ్చే తెల్ల పొడి) 3
క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిసరైడ్ (పల్చటి నూనె) 30
ఆముదం 10
జొజోబా 9
క్యాండెలిల్లా మైనం 5
కార్నౌబా మైనం 4
తేనెమైనం 3
పాలీహైడ్రాక్సీస్టియరిక్ యాసిడ్ (రంగు గుంపులు కట్టకుండా చూసేది) 0.5
నూనెలో కలిసే ప్రిజర్వేటివ్ 1
విటమిన్ ఇ 0.5

ఛాయ ముదురైతే టైటానియం 8 నుంచి 3కి దించి, తగ్గించినంతా మైకాలో కలపండి, ఐరన్ ఆక్సైడ్‌లు 8 దాకా పెంచి టాల్క్ ఆ మేరకు తగ్గించండి. బోరాన్ నైట్రైడ్ దొరక్కపోతే మైకా 13 వేయండి, పట్టుబట్టలాంటి జారుడు కాస్త తగ్గుతుంది, అంతే.

ఇప్పుడు మీ నూనె బొట్ల సంగతి. ప్రతి పొడికీ నూనె పీల్చే గుణం అని ఒక అంకె ఉంటుంది. 100 గ్రాముల పొడి ముద్దగా మారడానికి ఎన్ని గ్రాముల నూనె కావాలన్నది అది. అమ్మేవాళ్ల డేటా షీట్‌లో ఉంటుంది, గ్రేడ్‌ని బట్టి మారుతుంది కాబట్టి అడిగి తీసుకోండి. ఉజ్జాయింపుగా టైటానియం 20, ఐరన్ ఆక్సైడ్‌లు కలిపి 40, టాల్క్ 40, సెరిసైట్ 60, బోరాన్ నైట్రైడ్ 70, గుండ్రటి సిలికా (రంధ్రాలున్న రకం) 150 అనుకుందాం. పై ఫార్ములాకి లెక్కేస్తే 1.6, 2.4, 2.4, 6, 2.1, 6, మొత్తం 20 గ్రాముల పైచిలుకు. నూనెలు 49 ఉన్నాయి. అంటే దాదాపు 29 గ్రాములు స్వేచ్ఛగా తిరిగే నూనె, దాన్ని 12 గ్రాముల మైనం వలలా పట్టి ఉంచాలి. ఈ స్వేచ్ఛా నూనె మరీ తగ్గితే క్రీమ్ గట్టిపడి పలకలా గీకాల్సి వస్తుంది. పెరిగితే చెమర్చుతుంది.

మీ దగ్గర మైనం మొత్తం తేనెమైనమే. అది 62–64 డిగ్రీలకే కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. కొబ్బరి నూనె 24–25 డిగ్రీలకు కరుగుతుంది కాబట్టి కాకినాడలో ఏడాదిలో ఎక్కువ భాగం నీళ్లలాగే ఉంటుంది, చలికాలం తెల్లవారుజామున గడ్డకడుతుంది. ఇలా కరుగుతూ గడ్డకడుతూ ఉంటే మైనం వల తెగుతుంది. కార్నౌబా 82–86, క్యాండెలిల్లా 68–73 డిగ్రీలు. వీటి స్ఫటికాలు చిన్నవి, గట్టివి, నూనెను గట్టిగా బిగించి ఉంచుతాయి. కార్నౌబా ఒక్కటే వేస్తే పెళుసుగా పగులుతుంది, అందుకే మూడూ.

చారలకు కారణం మిక్సీ. పొడిగా మిక్సీలో విరిగిన రంగు గుంపులు నూనెలో మళ్లీ దగ్గరవుతాయి. క్రీమ్‌కి రంగును నూనెలోనే నూరాలి. ఐరన్ ఆక్సైడ్‌లు, టైటానియం కలిపి 14 గ్రాములు, ఆముదం 10, పాలీహైడ్రాక్సీస్టియరిక్ యాసిడ్ 0.5, ట్రైగ్లిసరైడ్‌లో 4 గ్రాములు. ఫ్యాక్టరీల్లో మూడు రోలర్ల మిల్లు మీద నూరతారు. ఇంట్లో అయితే గరుకు గాజు పలక మీద గాజు నూరుడు బిళ్లతో, లేదా పెద్ద రాతి కల్వంలో, కొద్దికొద్దిగా తీసుకుని నూరండి. ఆముదం చిక్కగా ఉండటం, రంగు రేణువును బాగా తడపడం రెండూ ఇక్కడ మేలు చేస్తాయి. పల్చటి నూనెలో నూరితే రాపిడి పుట్టదు, గుంపులు తేలుతూ తప్పించుకుంటాయి. రెండు గాజు పలకల మధ్య చిన్న బొట్టు నొక్కి దీపానికి ఎదురుగా పట్టుకోండి, చుక్కలు కనబడకూడదు.

తర్వాత నీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి మైనాలు, మిగతా నూనెలు 85 డిగ్రీల దాకా వేడిచేసి పూర్తిగా కరిగించండి. నూరిన ముద్ద వేసి కలపండి. ఆ తర్వాత మైకా, టాల్క్, బోరాన్ నైట్రైడ్, చివర్న సిలికా. గాలి చొరబడకుండా మెల్లగా కలపాలి, గిలక్కొట్టకూడదు. దించాక ప్రిజర్వేటివ్, విటమిన్ ఇ. పోసేటప్పుడు 72–75 డిగ్రీలుండాలి. 85 దగ్గర పోస్తే ద్రవం పల్చగా ఉండి బరువైన ఐరన్ ఆక్సైడ్, టైటానియం గడ్డకట్టేలోపే అడుగుకు దిగుతాయి, మీ గిన్నె అడుగున పేరుకున్న రంగు అదే. 65కి చల్లార్చి పోస్తే పైన ముడతలు, లోపల గాలి గుంతలు. పోసే గిన్నెలు కూడా గోరువెచ్చగా ఉంటే అంచులు విడవవు. ఫ్రిజ్‌లో పెట్టి తొందరగా చల్లార్చకండి, మధ్యలో పగులు వస్తుంది.

పరీక్ష: ఒక గిన్నెను 45 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచి, తీసి గది వేడికి రానిచ్చి చూడండి. బొట్లు వస్తే కార్నౌబా 1 శాతం పెంచి జొజోబా 1 తగ్గించండి. బొట్లు లేకపోయినా రాయడానికి గట్టిగా ఉంటే కార్నౌబా 1 తగ్గించి జొజోబా 1 పెంచండి. ఒకసారికి ఒకటే మార్పు.

ఇంకో మాట. నీళ్లున్న క్రీమ్ చేయాలనుకుంటే ఈ పొడుల ప్రవర్తన మళ్లీ వేరు. స్టార్చ్ వేసి వేడిచేస్తే 60–75 డిగ్రీల మధ్య గంజి కాస్తుంది. పూత లేని జింక్ ఆక్సైడ్ స్టియరిక్ యాసిడ్‌తో కలిసి సబ్బు కడుతుంది, చిక్కదనం కోసం వేసే కార్బోమర్ జెల్‌ను విరగ్గొడుతుంది. సూక్ష్మజీవుల బెడద కూడా చాలా పెరుగుతుంది. ఇంట్లో మొదలుపెట్టేవారికి నీళ్లు లేని క్రీమే నయం. విటమిన్ ఇ ప్రిజర్వేటివ్ కాదు, అది నూనె కనరెక్కకుండా చూస్తుందంతే. తడి వేళ్లతో, తడి స్పాంజ్‌తో ముంచుతాం కాబట్టి అసలు ప్రిజర్వేటివ్ వేయాల్సిందే.

---

క్లిక్‌మేకప్

సిలికా కొనాలా అని అడిగారు కదా. కొనండి, కానీ అతిగా వేయకండి. గుండ్రటి రేణువు కాబట్టి దొర్లుతుంది, గీతల్ని మసకబరుస్తుంది, జిడ్డును పీలుస్తుంది. నూనెతో తడిస్తే దాదాపు పూర్తిగా పారదర్శకం అవుతుంది, ఎందుకంటే 1.46 ఎక్కడ, నూనె 1.47 ఎక్కడ, తేడా లేదు. చిక్కంతా అది పొడిగా మిగిలినచోట. కళ్ల కింద జిడ్డు తక్కువ, అక్కడ సిలికా మందంగా వేస్తే ఫ్లాష్ కొట్టగానే తెల్లటి మచ్చ వస్తుంది. కంటికి ఏమీ తెలియదు, ఫోటోలో తెలుస్తుంది. ఫ్లాష్ లెన్స్ పక్కనుంచే వెళ్లి తిన్నగా వెనక్కి వస్తుంది కాబట్టి ఇలా అవుతుంది. వీడియో లైట్ల కింద ఇది బయటపడదు, అందుకే రిహార్సల్ వీడియో చూసి బాగుందనుకుని ముహూర్తం ఫోటోల్లో కంగుతింటారు. టైటానియం, జింక్ ఎక్కువైనా ఇదే తంతు. పరీక్ష సులువు: చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్ వేసి, చేయి చాచినంత దూరంలో ఒకటి, ఇంకొకరితో ఆరడుగుల నుంచి ఒకటి తీయించండి.

క్రీమ్ మీద పౌడర్ వేసేటప్పుడు క్రీమ్ పైన తేలిన నూనెను ముందు టిష్యూతో అద్దండి. తడి నూనె మీద పొడి పడితే పడ్డచోటే తడిసి ముదురు మచ్చ అవుతుంది, జల్లెడ గారు చెప్పిన గాలి–నూనె లెక్కే. పఫ్‌తో నొక్కాలి, రుద్దకూడదు. మిగిలింది బ్రష్‌తో దులపాలి.

తైలవర్ణం గారి క్రీమ్‌లో 4 శాతం సిలికా జిడ్డు చర్మానికి బాగుంటుంది. పొడి చర్మానికి 1.5 చాలు, మిగతాది మైకా వేసుకోవచ్చు. లేకపోతే బుగ్గల మీద పొలుసులు ఎత్తి చూపుతుంది.

---

ఖనిజం

ముడిసరుకు గురించి ఎవరూ మాట్లాడలేదు, అదే ముందు చూడాలి.

టాల్క్, ఆస్బెస్టాస్ (క్యాన్సర్ తెచ్చే రాతినార) రెండూ భూమిలో పక్కపక్కనే ఏర్పడే అవకాశం ఉన్న ఖనిజాలు. అందుకే కాస్మెటిక్ గ్రేడ్ మాత్రమే, ఆ బ్యాచ్‌కి ఆస్బెస్టాస్ లేదన్న పరీక్ష కాగితంతో తీసుకోవాలి. రబ్బరు, పెయింట్ పరిశ్రమలకు వెళ్లే టాల్క్ చవగ్గా దొరికినా ముఖానికి వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2024 జూలైలో టాల్క్‌ను "బహుశా క్యాన్సర్ కలిగించవచ్చు" అనే 2ఎ వర్గంలో చేర్చింది. ఆ భయం ఉన్నవారు పై లూజ్ పౌడర్‌లో 45 టాల్క్ తీసేసి, సెరిసైట్ 35 కలిపి, బోరాన్ నైట్రైడ్ 5, కేయోలిన్ 5 పెంచుకోవచ్చు. మొదట నూరేటప్పుడు వేసే టాల్క్ బదులు కూడా ఆ అదనపు కేయోలినే వేయండి. మెరుపు కొంచెం పెరుగుతుంది, ధర బాగా పెరుగుతుంది.

మైకా మన గూడూరు దగ్గరా ఉంది, కానీ గనిలో తీసిన రేకు మైకా వేరు, ముఖానికి పనికొచ్చేలా నూరి, కడిగి, పరీక్షించిన సెరిసైట్ వేరు. జార్ఖండ్ వైపు గనుల్లో పిల్లలతో పని చేయిస్తారన్నది అందరికీ తెలిసిన సమస్య. సరుకు ఎక్కడిదో అడగండి. చెప్పలేకపోతే సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ తీసుకోండి, అది ల్యాబ్‌లో చేసే మైకా.

ఐరన్ ఆక్సైడ్ విషయంలో రాజీ లేదు. గచ్చుకు వేసే రెడ్ ఆక్సైడ్, హార్డ్‌వేర్ షాపు రంగులు ముఖానికి పనికిరావు. వాటిలో సీసం, ఆర్సెనిక్ ఎంతుందో ఎవరూ చూడరు. డబ్బా మీద రంగుల గుర్తింపు సంఖ్య సి.ఐ. (కలర్ ఇండెక్స్) 77491 (ఎరుపు), 77492 (పసుపు), 77499 (నలుపు) అని, కాస్మెటిక్ గ్రేడ్ అని, బ్యాచ్ పరీక్ష కాగితం ఉండాలి. మన దేశంలో కాస్మెటిక్స్‌లో సీసం, ఆర్సెనిక్ ఎంతకు మించకూడదో పరిమితులున్నాయి. రేపు అమ్ముదామనుకుంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్స్ కావాలి, ఇంటి వంటగది కుదరదు.

పూత పూసిన రంగులు (ట్రైఇథాక్సీక్యాప్రిలైల్‌సిలేన్ పూత) దొరికితే క్రీమ్‌కి అవే తీసుకోండి. నూనెలో వెంటనే తడుస్తాయి, నూరే పని బాగా తగ్గుతుంది, చెమటకు కారవు. నిజంగా పూత ఉందో లేదో తెలుసుకోవాలంటే గ్లాసు నీళ్లలో చిటికెడు చల్లండి. పూత ఉంటే పైనే తేలుతుంది, లేకపోతే తడిసి మునుగుతుంది.

---

పౌడర్‌పఫ్

అందరికీ చాలా థాంక్సండీ. గాలి–నూనె లెక్క తెలిశాక మిగతావన్నీ వాటంతట అవే అర్థమయ్యాయి. రెండు చిన్న సందేహాలు. జింక్, టైటానియం ఉన్నాయి కదా, సన్‌స్క్రీన్ మానేయొచ్చా? క్రీమ్ షేడ్ కరిగి ఉన్నప్పుడు సరిచూడాలా, గడ్డకట్టాకా?

---

జల్లెడ

మానకూడదు. కవరేజ్ కోసం వేసే టైటానియం 0.2–0.3 మైక్రాన్ల రేణువు. అది కంటికి కనబడే వెలుతురును చెదరగొట్టడానికి తగిన సైజు. సన్‌స్క్రీన్‌లో వాడేది ఇంకా చాలా చిన్నది. పైగా పౌడర్ రాసేది పల్చగా, అదీ సమానంగా ఉండదు. పరీక్ష చేయించని డబ్బాకి ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఎంతో ఎవరూ చెప్పలేరు. సన్‌స్క్రీన్ రాసి పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, దానిమీద మేకప్.

---

తైలవర్ణం

కరిగి ఉన్నప్పుడు చూస్తే మోసపోతారు. గిన్నెలో ద్రవం ముదురుగా కనబడుతుంది, గడ్డకట్టాక మైనం స్ఫటికాలు వెలుతురును చెదరగొట్టి కాస్త లేతగా, పొగమంచు పట్టినట్టు చేస్తాయి. పోయడానికి ముందు చెంచాతో ఒక బొట్టు చల్లటి స్టీలు ప్లేటు మీద వేసి, అది పూర్తిగా బిగిశాక దవడ ఎముక దగ్గర పల్చగా రాసి, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద కాదు.

దిద్దాల్సి వస్తే పొడి రంగు గిన్నెలో వేయకండి, మళ్లీ చారలే. ముందే ఒక్కో ఐరన్ ఆక్సైడ్‌ను ఆముదంలో సగం సగం తూకంతో నూరి మూడు చిన్న సీసాల్లో పెట్టుకోండి. గులాబీ ఎక్కువైతే పసుపు ముద్ద, మరీ పసుపైతే ఎరుపు ముద్ద, లేతగా ఉంటే నలుపు. నలుపు మాత్రం 100 గ్రాములకు 0.1 గ్రాము ముద్ద కంటే ఎక్కువ ఒకేసారి వేయొద్దు, అది వెనక్కి రాదు. తూకం 0.01 గ్రాము చూపించేదై ఉండాలి. వేసినదంతా కాగితం మీద రాసి, ఆ బ్యాచ్ గిన్నెకే అంటించండి.